మీరూ కాదు, నువ్వూ కాదు

జర్మన్ భాషలో 'మీరు', 'నువ్వు' వేరువేరుగా ఉన్నాయని మొదటి క్లాసులో తెలిసినప్పుడు ఎంత సంబరపడ్డానో! ఇంగ్లిష్‌లో ప్రొఫెసర్‌కీ పిల్లికీ ఒకటే 'యూ'. ఇక్కడ అలా కాదు, పెద్దవాళ్లకీ కొత్తవాళ్లకీ 'జీ', దగ్గరివాళ్లకి 'డు'. హిందీ 'జీ'ని గుర్తుపెట్టుకుంటే ఏది మర్యాదో మర్చిపోయే ప్రసక్తే లేదు. క్లాసులో మిగతా వాళ్లు ఈ పాఠం దగ్గర తలలు పట్టుకుంటుంటే నేను కుర్చీలో వెనక్కి జారబడి కూర్చున్నాను. మనకిది పుట్టుకతో వచ్చిన విద్య కదా!

ఆ ధీమా స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి రోజుతో సరి.

2022 అక్టోబరులో శీతాకాలపు సెమిస్టర్‌కి మాస్టర్స్ చదవడానికి వచ్చాను. అప్పట్లో వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్ అనే బ్యాంకు ఖాతాలో 10,332 యూరోలు చూపించాలి. డబ్బు మనదే, కానీ నెలకి 861 యూరోల చొప్పునే చేతికిస్తారు. అద్దె కట్టాక మిగిలేది చూస్తే ఎవరికైనా పార్ట్‌టైం పని మీద భక్తి పుడుతుంది. మా వీసా మీద ఏడాదికి 120 పూర్తి రోజులో 240 అరరోజులో పనిచేయొచ్చు. 2024 మార్చిలో దాన్ని 140, 280 చేశారు గానీ నేను మొదలుపెట్టింది పాత లెక్కలోనే. రెండో సెమిస్టర్‌లో కార్ల విడిభాగాల కంపెనీ ఒకదాని టెస్ట్ ల్యాబ్‌లో వెర్క్‌స్టూడెంట్‌గా, అంటే చదువుకుంటూ పనిచేసే విద్యార్థిగా, వారానికి నాలుగు అరరోజులు దొరికాయి.

మొదటి రోజు ల్యాబ్ పెద్ద చెయ్యి చాచి, ఇంటిపేరు కాకుండా పేరొక్కటే చెప్పి, 'డు' అన్నాడు. ఆయనకి 58 ఏళ్లు. మా నాన్నకంటే పెద్ద. ఆయన నన్ను నువ్వనడంలో వింతేముంది? కానీ నేనూ ఆయన్ని నువ్వనాలట, పేరు పెట్టి పిలవాలట. నోరు రాలేదు. మూడు వారాలు సర్వనామం వాడకుండా నెట్టుకొచ్చాను.

తెలుగులో అయితే ఇది పెద్ద కష్టం కాదు. వరస తేలని చుట్టం ఎదురైతే "ఎప్పుడు రావడం? భోజనం అయిందా?" అని మీరూ నువ్వూ రెండూ తగలకుండా గంటసేపు మాట్లాడేస్తాం. జర్మన్‌లో ఆ దారి మూసేశారు. కర్త లేనిదే వాక్యం నిలబడదు. "కొలతలు చూశావా?" అనలేక "కొలతలు ఇప్పటికే చూడబడి ఉన్నాయా?" అని కోర్టు గుమాస్తాలా అడిగేవాణ్ని. చివరికి ఒకరోజు ఆయనే కాఫీ మెషిన్ దగ్గర ఆపి, "నా మీద నీకేమైనా కోపమా?" అన్నాడు.

ఆ రాత్రి ఫోన్‌లో చెబితే అమ్మకి అంతకంటే పెద్ద సందేహం వచ్చింది. "అరవై దగ్గరపడ్డ మనిషిని నువ్వంటావా? అలా అనమని ఆయనే అన్నాడా, నీ అంతట నువ్వే మొదలెట్టావా?"

సరే, అలవాటు చేసుకున్నాను. ఇక్కడే రెండో గొయ్యి. నువ్వు అంటున్నాం కాబట్టి దగ్గరయ్యామనుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో డేటా చూస్తుంటే ఒక సెన్సార్ అంకెలు తేడాగా కనిపించాయి. వెంటనే ఆయనకి ఫోన్ చేశాను. ఎత్తగానే "ఎవరికైనా ఏమైనా అయిందా?" అన్నాడు, గొంతులో నిజంగానే కంగారు. విషయం చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "సోమవారం చూద్దాం," అని పెట్టేశాడు. సోమవారం ఒక్క ముక్క తిట్టలేదు. కూర్చోబెట్టి 'ఫయరాబెంట్' అనే మాట అర్థం చెప్పాడు. పని ముగిసిన తర్వాతి సాయంత్రం అని అర్థం, కానీ ఆయన చెప్పిన తీరు చూస్తే అదేదో తాతలిచ్చిన ఆస్తిలా ఉంది. పని ముగించి వెళ్లేవాళ్లకి "మంచి ఫయరాబెంట్" అని చెప్పి పంపుతారు కూడా. నాకు ఫోన్ నంబరిచ్చింది నిప్పంటుకుంటే చెప్పడానికట.

ఇంకోసారి జ్వరంతో, దగ్గుతో పనికి వెళ్లాను. నిజం చెప్పాలంటే కొంత గొప్పకే వెళ్లాను, ఇంత ఒంట్లో బాగోకపోయినా వచ్చాడని అనుకుంటారని. ఆయన తలుపు దగ్గరే ఆపేశాడు. "ఎందుకొచ్చావ్? మాకూ అంటించడానికా?" జాలి లేదు, మెచ్చుకోలు అసలే లేదు. ఇంటికి పంపేశాడు. నాలుగు రోజులు పడుకుని, డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకుని, జీతం కోస్తారనే దిగులుతో నెలాఖరు దాకా గడిపాను. పే స్లిప్ చూస్తే ఒక్క సెంటు తగ్గలేదు. చేరి నాలుగు వారాలు దాటిన వాళ్లకి జబ్బు చేస్తే ఆరు వారాల దాకా జీతం ఇవ్వాలని చట్టమట, మావాడి దయేం కాదు. అది తెలిశాక కృతజ్ఞత ఎవరికి చెప్పాలో తెలియలేదు.

మెచ్చుకోలు సంగతి వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. ఎంత బాగా చేసినా ఆయన నోట వచ్చేది "పస్ట్". సరిపోయింది అని. బాగా పొంగిపోయిన రోజున "చెడ్డగా లేదు." నాలుగు నెలలు ఇదే వరస. ఉద్యోగం ఊడుతుందని లోపల్లోపల గట్టిగానే అనుకున్నాను. తర్వాత అక్కడే పనిచేసే ఒక తెలుగాయన, అన్నా అని పిలిచేవాణ్ని, నవ్వి చెప్పాడు. "ఈ ష్వాబియా వాళ్ల, అదే ఈ స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల వాళ్ల, సామెతే ఒకటుందిరా తమ్ముడూ. తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే."

ఆయన 'తమ్ముడూ' అన్నప్పుడు ఒళ్లంతా వదులైనట్టు అనిపించింది. ఇక్కడికి వచ్చాక నన్ను ఎదురుగా నిలబడి వరస పెట్టి పిలిచిన మొదటి మనిషి. అప్పటిదాకా నాకేం తక్కువైందో నాకే తెలియలేదు. చలి అనుకున్నాను, డిసెంబరులో నాలుగున్నరకే పడిపోయే చీకటి అనుకున్నాను.

యూనివర్సిటీలో ఇదే లోటు ఇంకో రూపంలో తగిలింది. అక్కడ పద్ధతులకు మొదట నవ్వుకున్నాను. పది గంటల క్లాసు పక్కన 'సి.టి.' అని ఉంటే పదింబావుకి మొదలవుతుందని అర్థం. లాటిన్‌లో 'సమయంతో సహా' అట. తెలియక రెండు వారాలు ఖాళీ హాల్లో ముందు బెంచీ కాపలా కాశాను. క్లాసు అయిపోగానే అందరూ చప్పట్లకి బదులు బల్లల మీద కణుపులతో టకటకా కొడతారు. మొదటిసారి ప్రొఫెసర్ మీద గొడవ చేస్తున్నారనుకుని బ్యాగు సర్దుకున్నాను. మార్కులూ తలకిందులే. 1.0 అందరికంటే గొప్ప, 4.0 బొటాబొటి పాసు, 5.0 ఫెయిలు. 1.7 వచ్చిందని చెబితే నాన్న చాలాసేపు ఓదార్చాడు.

నవ్వు పోయింది మొదటి సెమిస్టర్ జనవరిలో. హాజరు అడిగేవాళ్లు లేరు, అసైన్‌మెంట్ ఏదని వెంటబడేవాళ్లు లేరు, స్వేచ్ఛ అంటే ఇదే అనుకుంటూ తిరిగాను. సబ్జెక్టులో పేరుంటే చాలదని, ప్రతి పరీక్షకీ విడిగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలని, దానికో గడువుందని తెలిసేసరికి ఆ గడువు రెండు రోజుల కిందటే అయిపోయింది. ముందే ఈ–మెయిల్ వచ్చింది. జర్మన్‌లో ఉంది కదా, తర్వాత చదువుదామని పక్కన పెట్టాను.

పరీక్షల ఆఫీసుకి పరుగెత్తాను. అక్కడి ఆవిడ ఎంతో మర్యాదగా, ప్రతి వాక్యంలోనూ 'మీరు' అంటూ, గడువు దాటింది, మీరు వచ్చే సెమిస్టర్‌లో రాసుకోవచ్చు, మీకు ఇంకేమైనా సాయం కావాలా అని అడిగింది. అంత గౌరవంగా నా మొహం మీద తలుపు ఎవరూ వెయ్యలేదు. నిజానికి నా గొంతులో ఒక మాట అడ్డం పడి ఉంది: "అక్కా, ఈ ఒక్కసారికి చూడండక్కా." దానికి జర్మన్ మాట కోసం వెతికాను. లేదు. 'అక్క'కి మాట ఉంది, కానీ ఆఫీసులో కూర్చున్న ఆవిణ్ని అలా పిలవరు. ముక్కూమొహం తెలియని మనిషిని ఒక్క పిలుపుతో చుట్టాన్ని చేసుకుని, ఆ చుట్టరికం మీద రూలుని రవ్వంత పక్కకి జరిపే మంత్రం ఈ భాషలో లేదు. పసుపు రంగు స్టాట్‌బాన్ రైలు తలుపులు కళ్లముందే మూసుకుపోతున్నప్పుడూ అంతే, "అన్నా, ఆపన్నా" అని అరవడానికి వీల్లేదు.

ఆ రోజు ఆవిణ్ని రాతిమనిషి అనుకున్నాను. నా తర్వాత వరసలో నిలబడిన అబ్బాయి జర్మనే. అతనికీ అదే గడువు, అదే సమాధానం, అదే మర్యాద. ఆ సంగతి గమనించాను గానీ ఆ పూట నాకది ఊరటగా అనిపించలేదు.

ఇక మా పక్క ఫ్లాటు ఆవిడ. డెబ్బై దాటి ఉంటాయి. ఇల్లు మారిన రెండు వారాల్లో మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలని నాకు ఇంటాయన చెప్పాడు. మిగతావన్నీ చెప్పింది ఈవిడే. ఆదివారం సీసాలు తీసుకెళ్లి గాజు డబ్బాలో వేస్తే చప్పుడు కాబట్టి వెయ్యకూడదని. చలికాలంలో కూడా రోజుకి రెండుమూడుసార్లు కిటికీలు బార్లా తెరవకపోతే గోడలకి బూజు పడుతుందని. చెప్పేటప్పుడు నన్ను 'హెర్' (మన 'శ్రీ' లాంటిది) తగిలించి ఇంటిపేరుతో పిలిచేది. మనకి ఇంటిపేరు హాజరు పట్టీలోనూ పెళ్లి శుభలేఖలోనూ ఉండే వస్తువు, దాంతో ఎవరూ పిలవరు. ఆవిడ దాన్ని నాలుగు ముక్కలు చేసి పలికేది. నేను కాదన్నట్టే ఉండేది ప్రతిసారీ.

స్టుట్‌గార్ట్ వైపు 'కేర్‌వొఖ' అని ఒకటుంటుంది. మెట్లూ నడవా ఊడ్చి తుడిచే వంతు, వారానికొకరిది. ఎవరి వంతైతే వాళ్ల తలుపుకి చిన్న బోర్డు వేలాడుతుంది. మీ వారం అయ్యాక దాన్ని పక్కింటి తలుపుకి తగిలించాలి. నేను తుడిచిన మెట్ల మీద ఆవిడ వేలితో గీసి చూడటం నేను తలుపు కంటి రంధ్రంలోంచి చూశాను. పట్టుబడలేదనుకుంటాను.

2024 ఫిబ్రవరి, పరీక్షల వారం. కిందటేడు గడువు దాటి పోయిన పరీక్షకి కూడా ఎలా వీలవుతుందో అలా చదువుతున్నాను. శనివారం రాత్రి గుర్తొచ్చింది, ఆ వారం వంతు నాది! తలుపు తీసి చూస్తే బోర్డు నా తలుపుకి లేదు, ఆవిడ తలుపుకి ఉంది. మెట్లు తడిగా మెరుస్తున్నాయి.

మర్నాడు వెళ్లి తలుపు తట్టి, నాకొచ్చిన వ్యాకరణమంతా ఉపయోగించి కృతజ్ఞతలు చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"మీ గదిలో లైటు రాత్రి రెండు దాకా వెలుగుతోంది. పరీక్షలు కదా," అంది. నేను తలూపేలోగా, "వచ్చే రెండు వారాలూ మీవే. మంచు పడితే బయట పేవ్‌మెంట్ కూడా," అని తలుపు వేసేసుకుంది.

మంగళవారం మంచు పడింది. పనిరోజుల్లో ఏడింటికల్లా దారి శుభ్రం కావాలి. ఆరున్నరకి పార పట్టుకుని కిందికి దిగేసరికి పైన కిటికీ తెరుచుకుంది.

"గుటెన్ మోర్గెన్," అంది ఆవిడ, 'హెర్' అని నా ఇంటిపేరు కలిపి. ఈసారి ఒక్క ముక్కలోనే పలికింది. "ఆ మూల కొంచెం వదిలేశారు."