తెల్ల ఫియట్‌కు తొలినాటి రంగు

విజయవాడ పటమటలోని మా ఇంటి ఆవరణలో, వేపచెట్టు కింద, నాన్నగారు 1979లో కొన్న ప్రీమియర్ పద్మిని ఇప్పటికీ ఉంది. ఇటలీ ఫియట్ వారి 1100 నమూనాను బొంబాయిలోని కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ తయారుచేసేది. 1970ల నడుమ దానికి పద్మిని అని పేరు మార్చినా మా ఇంట్లో గానీ వీధిలో గానీ ఆ పేరుతో పిలిచినవారు లేరు; అందరికీ అది ఫియట్ కారే. గేరు కర్ర స్టీరింగు పక్కన ఉండే ఆ బండికి మధ్యలో రెండుసార్లు తెల్లరంగు వేయించాం. ఈ ఏడాది టింకరింగ్ చేయించక తప్పని స్థితి వచ్చినప్పుడు, కొన్ననాటి రంగే మళ్ళీ వేయించాలని నాన్నగారు నిశ్చయించారు.

ఆ రంగేమిటన్న దగ్గరే చిక్కు వచ్చింది. లేత నీలం అని నాన్నగారు, కాదు నెమలికంఠం రంగు అని అమ్మ. ఆనాటి ఫొటో ఒక్కటే ఉంది, అదీ నలుపు తెలుపుది. అందులో బండి లేత బూడిద రంగులో, వెనకనున్న సున్నపు గోడకు కాస్త తక్కువ తెలుపుగా కనిపిస్తుంది. నెమలికంఠం లాంటి ముదురు రంగు అయితే టైర్లకు దగ్గరగా నల్లబడి ఉండాలని నేను వివరించాను. అమ్మ ఒప్పుకోలేదు. ఎండలో తీసిన ఫొటోలో అన్నీ తెల్లబడతాయన్న ఆమె మాటను పూర్తిగా కొట్టిపారేయలేం కూడా. వేలకు వేలు ఖర్చు పెట్టేముందు రెండు రంగుల్లోనూ బండి ఎలా ఉంటుందో ఫొటోలో చూపిస్తానని మాట ఇచ్చాను. రెంటినీ ఒకే శ్రద్ధతో చేయాలని అప్పుడే అనుకున్నాను. ఒకటి బాగా కుదిరి రెండోది వెలవెలబోతే, ఆ తగవును నేనే ఒక పక్షానికి తీర్చేసినట్టవుతుంది.

ఇప్పటి తెల్లబండిని ఫొటో తీసి, ఫొటోలు దిద్దడానికి ఉచితంగా దొరికే గింప్ అనే సాఫ్ట్‌వేర్‌తో పని మొదలుపెట్టాను. మొదట బండి ఒంటిని మిగతా చిత్రం నుంచి వేరుచేస్తూ మాస్కు గీయాలి. అద్దాల చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు, గ్రిల్, తలుపు పిడులు, లైట్ల చుట్టూ ఉన్న క్రోమియం రింగులు తప్పించుకుంటూ గీతను నడపడానికి రెండు సాయంత్రాలు పట్టింది. బంపర్‌కు రంగు వేయకూడదు, కానీ బంపర్‌లో ప్రతిబింబించే బానెట్ అంచుకు వేయాలి. బండి పక్కన గచ్చు మీద పడే లేత వెలుగుకు కూడా ఆ రంగు కొంచెం అంటాలి. ఈ రెండూ వదిలేస్తే బండి నేల మీద నిలబడినట్టు ఉండదు, ఎవరో కత్తిరించి అతికించినట్టు ఉంటుంది.

ఎరుపు బండిని నీలం చేయాలంటే హ్యూ అనే మీటను జరిపితే చాలావరకు పని జరుగుతుంది. తెల్లబండి మీద ఆ మీటను ఎంత జరిపినా దాదాపు ఏమీ మారదు, ఎందుకంటే మార్చడానికి అక్కడ రంగే లేదు. నా ఫొటోలో కొంచెం మారింది గానీ, అది వేపాకుల పచ్చదనం తెల్లటి పైకప్పు మీద పడి అంటుకున్న ఛాయ మాత్రమే. అందుచేత ఫొటో పైన నీలం లేయర్ (పొర) ఒకటి పరిచి దాన్ని మల్టిప్లై పద్ధతిలో పెట్టాను. అది పేరుకు తగ్గట్టే గుణకారం: కింద తెలుపు ఉన్నచోట పై రంగు పూర్తిగా నిలుస్తుంది, నీడ ఉన్నచోట ఆ మేరకు తగ్గుతుంది, కాబట్టి ఒంటి వంపులు చెరగవు. లేత నీలం ఆ పద్ధతిలో ఒక్క పూటలో కుదిరింది.

నెమలికంఠం కుదరలేదు. అదే పద్ధతిలో ముదురు రంగు వేస్తే బండి ప్లాస్టిక్ బొమ్మలా తయారైంది. కారణం అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. నున్నటి రంగుపూత తన మీద సూటిగా పడే వెలుగులో సుమారు 4 శాతాన్ని రంగు అంటనివ్వకుండా అద్దంలా వెనక్కి పంపుతుంది. మిగిలిన వెలుగు లోపలికి వెళ్ళి, పూత రంగును తీసుకుని బయటికి వస్తుంది. తెల్లబండిలో ఈ రెండో వెలుగు అంత ఎక్కువగా ఉంటుంది గనుక అద్దపు మెరుపు అందులో మునిగిపోతుంది. ముదురు బండిలో లోపలి నుంచి వచ్చేది తక్కువ కాబట్టి ఆకాశం, చెట్టుకొమ్మలు, ప్రహరీగోడ స్పష్టంగా కనబడతాయి. తెల్లబండి ఫొటోలో ఆ ప్రతిబింబాలు కంటికి ఆనవు. ఆనిన కొద్దిపాటివాటిని కూడా నా గుణకారం నెమలికంఠం రంగులో ముంచేసింది.

దీనికి ఉపాయం కెమెరా దగ్గరే దొరికింది. తెల్లవారి ఎండ ఎక్కకముందు, స్టాండు మీద కెమెరాను కదలకుండా పెట్టి, లెన్సు ముందు, తిప్పేకొద్దీ ప్రతిబింబాల మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టరును బిగించి, మెరుపు అతి తక్కువగా ఉన్నప్పుడు ఒకటి, ఫిల్టరు తిప్పి మెరుపు అతి ఎక్కువగా ఉన్నప్పుడు ఒకటి, ఒకే ఎక్స్‌పోజర్‌తో, అంటే కెమెరాలోకి వెలుగును అనుమతించే కొలతలు మార్చకుండా, రెండు ఫొటోలు తీశాను. రెండోదాని నుంచి మొదటిదాన్ని తీసివేస్తే మిగిలేది పూత మీది మెరుపే. మెరుపు తగ్గిన ఫొటోకు నెమలికంఠం వేసి, విడదీసిన మెరుపును రంగు మార్చకుండా పైన కలిపినప్పుడు బానెట్ మీద వేపకొమ్మలు తేటగా తేలాయి. వాలుగా కనిపించే తలాల మీద ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. కెమెరాకు ఎదురుగా ఉన్న తలుపు మీద అంతగా ఫలించలేదు. అక్కడ గోడ ఛాయను చేత్తోనే లేతగా అద్దాను. ఆ పూట నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

రెండు ఫొటోలనూ ప్రింటు వేయించి ఇంట్లో చూపించాను. ఎవరి రంగు వారికి నచ్చింది, తగవు అలాగే ఉంది. దాన్ని తేల్చింది ఆటోనగర్ షెడ్డు. డిక్కీలో అతుక్కుపోయిన పాత రబ్బరు మ్యాట్‌ను పెకలించినప్పుడు, ఏ పెయింటరూ చేయి పెట్టని ఒక మూల, ఎండ తగలని చోట, అరచేతి వెడల్పున లేత నీలం బయటపడింది. నేను ఉత్సాహంగా ఫోను తీసి నా ఫొటో చూపిస్తే పెయింటింగ్ మేస్త్రి చూసి, "ఫోన్లో రంగు చూసి నేను కలపనండి, ఒక్కో ఫోన్లో ఒక్కో రకంగా ఉంటది. ఆ మూలే నాకు లెక్క" అన్నారు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరైన మాట. రేకుముక్క మీద మూడుసార్లు కలిపి కొట్టి, ఆరిన తరువాత డిక్కీ మూల పక్కన పెట్టి చూశారు, మూడోది కలిసింది. ఆ రేకును ఇంటికి తెచ్చి నీడపట్టున నా తెర పక్కన పెట్టి చూస్తే నా నీలం మరీ గాఢంగా ఉంది, అసలు దానిలో బూడిద రంగు పాలు ఎక్కువ. రేకును చూసుకుంటూ నా ఫొటోను సరిదిద్దాను.

ప్రస్తుతం బండి ప్రైమర్ దశలో ఉంది. ఆర్సీలో రంగు తెలుపు అని ఉంది కాబట్టి, పని పూర్తయ్యాక రవాణా శాఖ కార్యాలయంలో మార్పు నమోదు చేయించాలి. ఆ కాగితాలు నాన్నగారు ఇప్పటికే సిద్ధం చేసుకున్నారు. సరిదిద్దిన లేత నీలం ఫొటోను షెడ్డు గోడకు అంటించారు. నెమలికంఠం ఫొటోను అమ్మ అడిగి తీసుకుని బీరువాలో, ఆ పాత నలుపు తెలుపు ఫొటో ఉన్న ఆల్బంలో దాని పక్కనే పెట్టుకుంది.