పన్నెండో అరక

దేవుడు తన బతుకులో ఏం చేసిండో సభలో చెప్పే మా బాపు సాక్ష్యం నాకు నోటికి వచ్చు. నర్సంపేట దగ్గర మా పల్లెలో ఆల్‌నైట్ ప్రార్థనల్లో, వరంగల్ ఉజ్జీవ సభల్లో ఎన్నిసార్లు విన్నానో. దేవుని సేవకు పిలుపు రాగానే పత్తి మిల్లులో గుమాస్తా పని మానేయడం, అన్నదమ్ములు మాటలు బంద్ చేయడం, గంజి తాగి పడుకున్న రాత్రులు. చివరికి మైకు సెట్టు. "మోకాళ్ల మీద అడిగిన. నెల తిరగకముందే దేవుడు దయచేసిండు." అక్కడ జనమంతా స్తోత్రం అనేవాళ్లు. మేమూ అనేవాళ్లం.

ఆ మైకు సెట్టు అమ్మ కుట్టు మిషన్ అమ్మితే వచ్చింది.

కిటికీ పక్కన ఉండేది ఆ మిషన్. బతుకమ్మకు పది రోజుల ముందు నుంచి మా వాడ ఆడవాళ్ల జాకెట్లన్నీ దాని మీదే కుట్టేది అమ్మ. క్రిస్మస్‌కు మళ్లీ అంతే. మా స్కూలు ఫీజులు, కిరాణా ఉద్దెర, సంఘానికి వచ్చిన అతిథుల చాయ్ ఖర్చు అన్నీ అందులోంచే. అమ్మ పది రోజులు అమ్మమ్మ దగ్గరికి పోయి వచ్చేసరికి కిటికీ పక్కన నేల మీద మిషన్ కాళ్ల గుర్తులు నాలుగు మిగిలాయి. అమ్మ ఏమీ అనలేదు. బియ్యం డబ్బా జరిపి ఆ గుర్తుల మీద పెట్టింది. ఎన్నో ఏళ్లకు, బియ్యంలో రాళ్లు ఏరుతూ ఒకసారి నాతో అంది: "నేను ఇయ్యనంటినా? ఒక్క మాట అడగాలె గదా."

దేవుని పిలుపుకు వెల ఉంటుందని మనకు బాగా చెబుతారు. ఆ వెల ఎవరి జేబులోంచి పోతుందో మాత్రం చెప్పరు. దీని గురించి ఆలోచించినప్పుడల్లా నేను బైబిల్లో మొదటి రాజులు గ్రంథం 19వ అధ్యాయానికి పోతాను.

షాపాతు కొడుకు ఎలీషా పొలంలో ఉన్నాడు. మన తెలుగు బైబిల్లో మాట "పండ్రెండు అరకల యెడ్లు" అని ఉంటుంది. అరక అంటే మా దగ్గర ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. పన్నెండు అరకలు ఒకేసారి దున్నుతున్నాయంటే అది పెద్ద కాపు ఇల్లు. పదకొండు ముందు పోతుంటే పన్నెండోది ఎలీషా తోలుతున్నాడు. ప్రవక్త ఏలీయా వచ్చి తన దుప్పటి అతని మీద వేస్తాడు, నా వెంట రమ్మని పిలవడం అది. ఎలీషా ముందు అమ్మానాన్నల దగ్గర సెలవు తీసుకుంటానంటాడు. తర్వాత ఒక జత ఎడ్లను కోసి, అరక కట్టెలనే పొయ్యిలో పెట్టి వండి, జనానికి వడ్డించి ఏలీయా వెంట పోతాడు.

ఈ భాగం మీద ప్రసంగం చేసే ప్రతి పాస్టరుగారూ కాలిన కట్టె దగ్గర ఆగుతారు. వెనక్కి తిరిగి వచ్చే దారి తగలబెట్టుకున్నాడని చెబుతారు. నిజమే. మా తాత కాలంలో ఎవరైనా అరక విరగ్గొట్టి పొయ్యిలో పెడితే ఊరు ఊరంతా కొట్లాటకు వచ్చేది. కానీ నా కన్ను ఆ "ఒక జత" మీద పడుతుంది. కోసింది పన్నెండు జతలు కాదు. మిగతా పదకొండు అరకలను అతను ముట్టుకున్నట్టు ఎక్కడా రాసిలేదు. ఆ కట్టె తను తోలిన పన్నెండో అరకదేనని నేను అనుకుంటాను. అది నా ఊహే కావచ్చు, అయినా నాకు దాని మీద మమకారం. తన వంతు కాల్చాడు, షాపాతు ఇంటి సేద్యం మాత్రం ఆగలేదు.

యేసు శిష్యులైన జెబెదయి కొడుకులదీ ఇలాంటి లెక్కే. తండ్రిని దోనెలో విడిచి యేసు వెంట పోయారని చెబుతూనే, సువార్త రాసిన మార్కు ఇంకో మాట కలుపుతాడు: "జీతగాండ్రయొద్ద". ముసలాయన ఒంటరిగా వలలతో మిగిలిపోలేదని చెప్పడానికే ఆ ఒక్క మాట రాశాడేమో. జీతగాడు అనే మాట బరువు మా ఊళ్లలో తెలుసు కాబట్టి దాన్ని చదువుతూ దాటిపోలేను.

తల్లిదండ్రులను, భార్యాపిల్లలను ద్వేషించకపోతే నా శిష్యుడు కాలేడని ప్రభువే అన్నాడు కదా అంటారు. అన్నాడు, లూకా 14లో. ఆ వచనం గట్టిది, దాన్ని మెత్తబరచడం నా వల్ల కాదు. అయితే రెండు వచనాల తర్వాత గోపురం కట్టేవాడు కూర్చుని తగులుబడి లెక్క చూసుకోడా అని అడిగిందీ ఆయనే. అమ్మానాన్నలకు పోవాల్సినది "కొర్బాను", దేవునికి అర్పితం అని చెప్పి తప్పించుకునేవాళ్లను తిట్టిందీ ఆయనే, మార్కు 7లో. దేవుని పేరు మీద ఇంట్లోవాళ్ల వంతు లాక్కోవడాన్ని ఆయన అర్పణ కింద లెక్కకట్టలేదు.

వరంగల్ నుంచి విజయవాడ వైపు పోయే రైలు డోర్నకల్‌లో ఆగితే నాకు బిషప్ అజరయ్యగారు గుర్తొస్తారు. తిరునెల్వేలి తమిళుడు. వై.ఎం.సి.ఏ. కార్యదర్శి పని వదిలి 1909లో నిజాం రాజ్యంలోని ఈ మూలకు వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. అక్కడి ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగేసరికి 1939 వచ్చింది. ముప్ఫై ఏళ్లు. గోపురం లెక్క చూసుకోవడం అంటే నాకు అదే. ఆయన భార్య అన్బుగారు కూడా ఇక్కడి ఆడవాళ్ల మధ్య పని చేశారు. సొంత భాష, సొంత ఊరు ఆమె కూడా వదులుకున్నారు. చరిత్ర చెప్పేటప్పుడు మనం ఆయన పేరు దగ్గరే ఆగిపోతాం.

పోయిన ఏడాది కోత కాలంలో మా సంఘంలో ఆల్‌నైట్ ప్రార్థన. బాపుకు ఇప్పుడు మోకాళ్లు సహకరించవు, కుర్చీలో కూర్చునే మాట్లాడతాడు. ఎప్పటిలాగే మిల్లు, అన్నదమ్ములు, గంజి. మైకు సెట్టు దగ్గరికి వచ్చి ఆగాడు. నేను స్తోత్రం అనడానికి నోరు తెరిచాను కూడా.

"ఈ మైకు మా ఇంటామె కుట్టు మిషన్ అమ్మి తెచ్చిన. ఆమెను అడగలే."

ఎవరూ స్తోత్రం అనలేదు. ఏమనాలో ఎవరికీ తెలియలేదు. వెనక చాప మీద, పిల్లల దగ్గర, అమ్మ కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. పక్కనున్న పెద్దమ్మతో మాత్రం మెల్లగా అంది, నాకు వినపడింది.

"మంచిగ నడిచే మిషన్, అక్కా."