పగడాల ట్యాంకులో ఇసుక: ఎంచుకోవడం నుంచి పరవడం దాకా

ఉప్పునీటి ట్యాంకు పెట్టాలనుకునేవాళ్లు లైట్ల గురించి, స్కిమ్మర్ (నీటిలోని మలినాలను నురగతో తీసే పరికరం) గురించి నెలల తరబడి చదువుతారు. ఇసుక దగ్గరికొచ్చేసరికి దుకాణంలో ఏ బస్తా ఉంటే అది వేసేస్తారు. నేను మాత్రం అన్నిటికంటే ఎక్కువ సమయం ఇసుక మీదే పెట్టాను. పంపు నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు. రాళ్లు సర్ది, నీళ్లు నింపి, పగడాలు అంటించాక అడుగున ఉన్న ఇసుకను మార్చాలంటే ట్యాంకంతా విప్పాల్సిందే.

మాది విశాఖపట్నం. నేను ఇసుక కొంటున్నానని తెలిసి మా నాన్న, "ఎదురుగా సముద్రం పెట్టుకుని ఇసుక కొనుక్కొస్తావేటిరా?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే బీచ్ నుంచి గుప్పెడు ఇసుక తెచ్చి, ఎండబెట్టి, తెల్ల కాగితం మీద పోసి ఆయన ముందే పాత స్పీకర్ అయస్కాంతం దగ్గర పెట్టాను. నల్లటి రేణువులు లేచి దానికి అంటుకున్నాయి. మన తీరం ఇసుకలో, ముఖ్యంగా భీమిలి వైపు, ఇల్మనైట్, గార్నెట్, మాగ్నటైట్ లాంటి బరువైన ఖనిజాలుంటాయి. అల వెనక్కి పోయాక ఒడ్డున మిగిలే నల్లచారలు అవే. మిగతాది చాలావరకు క్వార్ట్జ్ (పలుగురాయి). పైగా ఊళ్లోని కొన్ని గెడ్డల (మురుగు మోసే వాగుల) నీళ్లు కలిసేది ఆ తీరంలోనే. తర్వాత దుకాణం నుంచి తెచ్చిన ఆరగోనైట్ ఇసుక నమూనా మీద వెనిగర్ చుక్క వేశాను, బుసబుసా పొంగింది. బీచ్ ఇసుక మీద వేస్తే గవ్వ ముక్కలున్న చోట నాలుగు బుడగలొచ్చి ఆగిపోయింది. నాన్న ఇంకేమీ అనలేదు.

ఆరగోనైట్ అంటే కాల్షియం కార్బోనేటే (వెనిగర్‌కు పొంగింది అందుకే), పగడపు అస్థిపంజరం కూడా అదే. దాంతో చాలామంది ఈ ఇసుక వేస్తే నీటి పీహెచ్ దానంతటదే 8.2 దగ్గర నిలుస్తుందనుకుంటారు. అలా జరగదు. పీహెచ్ బాగా పడితే తప్ప అది చెప్పుకోదగినంతగా కరగదు. ఇసుక లోపలి పొరల్లో బ్యాక్టీరియా వల్ల ఆమ్లత పెరిగిన చోట కొద్దిగా కరుగుతుందంతే. పగడాలకు కావలసిన కాల్షియం, ఆల్కలినిటీ (ఆమ్లతను తట్టుకునే గుణం) మనం అందించాల్సిందే.

ఇసుకకు బదులు వేసే క్రష్డ్ కోరల్ (పగలగొట్టిన పగడపు ముక్కలు) వద్దనుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, పెద్ద ముక్కల సందుల్లో తిండి, మలం ఇరుక్కుని కుళ్లుతాయి. రెండోది నాకు మరీ ముఖ్యం. రీఫ్ (పగడపు దిబ్బ) కట్టే పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్-1లో, అంటే అత్యంత రక్షణ ఉన్న జాబితాలో, చేర్చారు. ఎక్కడి రీఫ్‌ను పగలగొట్టి తెచ్చారో తెలియని ముక్కలను నా ట్యాంకులో పోయలేను. ఊలైటిక్ ఆరగోనైట్ అలాంటిది కాదు. బహామాస్ లాంటి లోతులేని వెచ్చని సముద్రాల్లో కాల్షియం కార్బోనేట్ పొరలు పొరలుగా పేరుకుని ఆ గుండ్రటి రేణువులు తయారవుతాయి.

ఎంత లోతు? ఇక్కడ నన్ను దారిలో పెట్టింది ఒక చేప. పసుపుపచ్చ కెనరీ రాస్ పెంచాలని నా కోరిక. అది రాత్రి ఇసుకలో దూరి పడుకుంటుంది, భయపడ్డా అందులోకే దూకుతుంది. దానికి రెండంగుళాలైనా మెత్తటి ఇసుక కావాలి. నీటి వేగం బాగా పెట్టి గట్టి పగడాలు మాత్రమే పెంచేవాళ్లు అడుగున ఉత్త అద్దం వదిలేస్తారు. శుభ్రంగా ఉంటుంది, నిజమే. కానీ ఈ చేపకు అందులో చోటు లేదు.

నాలుగైదు అంగుళాల లోతైన ఇసుక పడక వేయమనే సలహా కూడా వచ్చింది. ఆక్సిజన్ అందని అడుగు పొరల్లో బ్యాక్టీరియా మలినాల వల్ల పేరుకునే నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మారుస్తుంది. పద్ధతి మంచిదే. అయితే అది నిలవాలంటే ఇసుకను తవ్వి పోసే పురుగులు, నత్తలు దండిగా ఉండాలి, ఏళ్ల తరబడి కదపకూడదు. కదిపితే హైడ్రోజన్ సల్ఫైడ్ పైకొచ్చే ప్రమాదం ఉంది, అది చేపలకు విషం. అన్నిటికీ మించి, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన ఊరు మాది. పంపులు ఆగితే మందపాటి ఇసుకలోని జీవం కూడా నీటిలోని ఆక్సిజన్‌నే పీల్చుకుంటుంది. అందుకే 5 సెంటీమీటర్లతో ఆపాను.

లెక్క తేలికే. ట్యాంకు అడుగు 120 సెం.మీ. పొడవు, 50 సెం.మీ. వెడల్పు. 5 సెం.మీ. లోతంటే 30 లీటర్ల ఇసుక. లీటరుకు సుమారు కిలోన్నర తూగుతుంది కాబట్టి 45 కిలోలు. రాళ్లు కూర్చునే చోటు తీసేస్తే 9 కిలోల బస్తాలు నాలుగు సరిపోయాయి.

కింద సన్నం, పైన ముతక అని పొరలు వేయాలని మొదట ఆలోచించాను. కానీ తవ్వే ప్రాణులుంటే ఆ పొరలు నిలవవు, సన్నది సందుల్లోంచి కిందికి దిగి ముతకది పైకి తేలుతుంది. కాబట్టి పొరలు మానేసి చోటును బట్టి వేశాను. మూడు బస్తాలు 1–2 మిల్లీమీటర్ల రకం, వేవ్‌మేకర్ (నీటిని అలల్లా తోసే పంపు) తోసినా అంత తేలిగ్గా ఎగరదు. ఒక బస్తా బొంబాయి రవ్వంత సన్నది, నీళ్లు నెమ్మదిగా తిరిగే వెనక కుడి మూలకు.

రాళ్లు ముందు, ఇసుక తర్వాత. దీన్ని మాత్రం ఎవరూ తిరగేయొద్దు. ఇసుక మీద రాయి పెడితే తవ్వే గోబీ చేపో, పిస్టల్ రొయ్యో దాని కింద సొరంగం చేస్తుంది, రాయి జారి అద్దం పగులుతుంది. నేను ఒక్కో రాయినీ అడుగు అద్దం మీదే మూడు చోట్ల ఆనేలా కూర్చోబెట్టి, చేత్తో ఊపి చూసి, ఆ తర్వాతే చుట్టూ ఇసుక పోశాను.

ఇసుక కడగడానికి ఓపిక కావాలి. బకెట్‌లో కొద్దికొద్దిగా వేసి, చెయ్యి పెట్టి కలిపి, తెల్లనీళ్లు వంపేయడం. ఊలైటిక్ రకం ఎంత కడిగినా పూర్తిగా తేరదు. చివరి కడుగు ఆర్‌ఓ నీళ్లతో. పరిచాక మీద పింగాణీ పళ్లెం బోర్లించి, డ్రమ్ములో 35 పీపీటీకి (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) కలిపి ఉంచిన ఉప్పునీళ్లను పైపుతో దాని మీద వదిలాను. అయినా ట్యాంకంతా పాలవిరుగుడు రంగు. తేటపడేదాకా వేవ్‌మేకర్లు వేయలేదు. వేశాక ఎడమ ముందు మూలలో గుంటపడి అద్దం బయటపడితే, పంపు మూతిని పైకి తిప్పాను. ఇసుక నిలిచింది.

కొత్త ట్యాంకులో చేరే విషాలు అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు దిగేలోపే ఇసుక మీద గోధుమరంగు పొర కట్టింది. అవి డయాటమ్‌లు (ఒక రకం సూక్ష్మ నాచు), కొత్త ట్యాంకుల్లో మామూలే. ఆర్‌ఓ నీటి టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) సున్నా ఉందని చూసుకుని వాటి జోలికి పోలేదు. కొన్ని వారాల్లో పోయాయి. తర్వాత నసారియస్ నత్తలు వేశాను, ఆ తర్వాతే రాస్. అది ఆ సన్న ఇసుక మూలనే ఎంచుకుంది. నీళ్లు మార్చినప్పుడల్లా ముందువైపు ఇసుకలో కొంత మేర మురికిని సైఫన్‌తో లాగుతాను, రాళ్ల కిందది ముట్టుకోను.

సంక్రాంతి తర్వాత ఇల్లు మారుతున్నాం. రాళ్లు, చేపలు ఉప్పునీళ్ల డబ్బాల్లో వెంట వస్తాయి. పాత ఇసుకలో పైపైన ఓ గిన్నెడు మాత్రం బ్యాక్టీరియా కోసం తీసుకెళ్తాను. మిగతాదంతా కొత్తదే, నాలుగు బస్తాలూ కడిగి సిద్ధంగా ఉంచాను.