తియ్యటి నీళ్ళ బోరు మీద ఎర్ర చుక్క

నల్లగొండ జిల్లాలోని మా మర్రిగూడ దిక్కు ఎవరినడిగినా నీళ్ళ మీద తీర్పు నాలుక చివరనే ఉంటుంది. ఉప్పగుంటే పాడు నీళ్ళు, తియ్యగుంటే మంచి నీళ్ళు. నీళ్ళల్లో ఎక్కువైతే పళ్ళనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడుకేమో రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. అంతటితో అయిపోతే బాగుండు. మా గ్రానైటు రాళ్ళల్లో ఫ్లోరైడున్న ఖనిజాలున్నాయి. నీళ్ళల్లో కాల్షియం దండిగా ఉంటే అది ఫ్లోరైడును పట్టుకుని గట్టిపడేలా చేస్తుంది, నీళ్ళల్లో కరిగి ఉండనివ్వదు. కాల్షియం తక్కువై సోడియం, బైకార్బొనేటు ఎక్కువైతే ఆ నీళ్ళు రాతిలోంచి ఫ్లోరైడును ఇంకింత గుంజుకుంటాయి. కాల్షియం తక్కువున్న నీళ్ళతో సబ్బు బాగా నురగొస్తుంది, పప్పు తొందరగా ఉడుకుతుంది. అంటే ఇంట్లో మనం మెచ్చుకుని బిందె పట్టుకొచ్చే నీళ్ళే ఒక్కోసారి ఎక్కువ అనుమానించాల్సినవి.

నోటికి తెలియనిది మ్యాపులో కనబడాలి. నాకీ పిచ్చి పట్టింది ఇక్కడే.

పాప పుట్టకముందు హైదరాబాదులో ఒక మ్యాపింగ్ కంపెనీలో చేసేదాన్ని. రోజంతా అమెరికా రోడ్లు గీసుడే, మా ఊరి డొంక ఒక్కటీ గీయలేదు. ఊరికొచ్చాక మ్యాపులు గీసే సాఫ్ట్‌వేరు క్యూజీఐఎస్ ఉచితమే కదా అని ల్యాప్‌టాప్‌లో వేసుకుని, తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లోని భూగర్భజల నాణ్యత ఫైళ్ళు దించుకున్నాను. 2018, 2019, 2020లో వానకాలం తర్వాత తీసిన నమూనాలవి. జిల్లా, మండలం, ఊరు, అక్షాంశ రేఖాంశాలు, పీహెచ్, టీడీఎస్, ఫ్లోరైడు, నైట్రేటు, అన్నీ ఉన్నాయి. దాచిపెట్టారని గొణగడానికి లేదు. కానీ ఆ ఎక్సెల్ తెరిచి మా ఊరి వరుస వెతుక్కునే రైతు ఎవరు?

వీటికి పాత లెక్కలు కలపబోతే ఇంకో తలనొప్పి. 2016 అక్టోబరుకు ముందువైతే భువనగిరి, సూర్యాపేట కూడా నల్లగొండలోనే ఉంటాయి. ఇంగ్లిషులో ఊరి పేరు ఒక ఏడు ఒక తీరు, ఇంకో ఏడు ఇంకో తీరు. మ్యాపు డేటా ఉంచే జియోజేసన్ ఫైలుకు రేఖాంశం ముందు రాయాలి, వెబ్ మ్యాపు గీసే లీఫ్లెట్‌కేమో అక్షాంశం ముందు. రెండూ తారుమారైతే అక్షాంశం పదిహేడు, రేఖాంశం డెబ్బై తొమ్మిది దగ్గర ఉండాల్సిన నల్లగొండ బోరు ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్ దీవుల్లో మంచులో తేలుతుంది. అక్కడ ఫ్లోరైడు గోల ఉండదనుకుంటా.

ఇప్పుడు అసలు సంగతి. ఇలాంటి మ్యాపులు చాలామంది గీస్తారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. నాలుగు బోర్ల నంబర్లు తీసుకుని మధ్యలో జాగానంతా సాఫ్ట్‌వేరుతో నింపేస్తారు. ఎరుపు మెల్లగా నారింజై, నారింజ పచ్చబడుతుంది. నాకు అస్సలు నచ్చదు. మాది గట్టి రాతి నేల. నీళ్ళు పగుళ్ళల్లో ఉంటాయి, చెరువులో లెక్క పరుచుకుని ఉండవు. గట్టుకు ఈవల బోరుది ఒక పగులు, ఆవల బోరుది ఇంకో పగులు. ఒక దాంట్లో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే పక్కదాంట్లో అంతకు ఎన్నో రెట్లుండొచ్చు. మధ్యలో ఎవరూ కొలవని నేలకు పచ్చ రంగు పూస్తే, దాన్ని నమ్మి ఒకరు బోరు వేస్తారు.

అందుకే నా మ్యాపులో చుక్కలు తప్ప రంగు పూత లేదు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) లెక్క ప్రకారం ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే పచ్చ, వేరే దిక్కు లేకపోతే ఓర్చుకొమ్మన్న 1.5 వరకు పసుపు, అది దాటితే ఎరుపు. నమూనా పాతబడితే చుక్క బూడిద రంగుకు మారుతుంది, నంబరు ఎంత మంచిదైనా సరే. నొక్కగానే ముందు తెలుగులో "తాగొచ్చు" లేదా "తాగొద్దు" అని వస్తుంది, నంబరు దాని కింద.

"ఇంటికి కృష్ణా నీళ్ళు వస్తున్నయి గదా బిడ్డా, ఇంకా బోర్ల ముచ్చటెందుకు?" అన్నాడు మా పెద్దనాయిన. నిజమే, నల్లాల్లో మిషన్ భగీరథ నీళ్ళొస్తున్నాయి. కానీ ఆయనే పత్తి చేనులో ఎండపూట డెలివరీ పైపుకు దోసిలి పట్టి తాగుతాడు. కలుపుకొచ్చిన కూలోళ్ళూ అంతే. ఫీల్డు కిట్టు తీసుకుపోయి ఆ నీళ్ళే చిన్న గొట్టంలో పోసి మందు చుక్కలు వేశాను. మందు గులాబీ రంగులో ఉంటుంది, ఫ్లోరైడు ఎక్కువున్నకొద్దీ పసుపుకు తిరుగుతుంది. అట్టమీది రంగుల పక్కన పెట్టి చూసేలోపే పసుపుగా తేలిపోయింది. ఆయన గొట్టాన్ని ఎండకెత్తి చూసి, "కాగబెడితె పోదా?" అన్నాడు. పోదు. నీళ్ళు ఆవిరైనకొద్దీ మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. కిట్టు ఫలితాన్ని మాత్రం మ్యాపులో పెట్టను, ల్యాబులో తేలాకే పెడతాను.

అసలు పేచీ వేరే వాళ్ళతో వచ్చింది. ఒక రైతు, పేరెందుకులే, తన బోరు మీద ఎర్ర చుక్క చూసి ఇంటిమీదికొచ్చాడు. "రేపు భూమి ఎవడు కొంటడమ్మా? మా ఇంటికి పిల్లనెవడిస్తడు?" ఫ్లోరైడు ఊరికి పిల్లనివ్వడానికి జంకే కాలాన్ని చూసిన మనిషి ఆయన. డేటా అందరిదీ అని వాదించబోయి ఆగాను, ఎందుకంటే ఆ బోరు అందరిదీ కాదు. ఇప్పుడు చేతిపంపులు, పంచాయతీ బోర్లు, బడి బోర్లే అందరికీ కనబడతాయి. సొంత బోర్ల ఫలితం వాళ్ళ వాట్సాపుకే పోతుంది. కూలోళ్ళకు చెప్పాల్సింది మాత్రం బోరు ఆసామే, అది రాయించుకునే పంపుతున్నాను. సగం పరిష్కారమే, అయినా ఇంతకన్నా న్యాయమైనది నాకు దొరకలేదు.

బత్తాయి తోటల వాళ్ళకు ఫ్లోరైడుతో పనిలేదు, "తోటకు పనికొస్తయా లేదా" అంతే. అదే ఫైలులో జవాబుంది. కార్బొనేట్లు, బైకార్బొనేట్లు కలిపి కాల్షియం, మెగ్నీషియం తీసేస్తే మిగిలేది ఆర్ఎస్సీ, అంటే మిగులు సోడియం కార్బొనేటు. అది లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే సాగుకు పనికిరావంటారు, నేల చవుడుబారుతుంది. ఇంతకుముందు చెప్పిన పప్పుడికే నీళ్ళ లక్షణమే ఇదీ. అందుకే తోట కోసం చూసేవాళ్ళ తెరమీద కూడా ఫ్లోరైడు వరుస తీసేయలేదు.

నా ఫైళ్ళల్లో లేనిది బోరు లోతు. ఒకే చోట లోతు మారితే పగులు మారుతుంది, నీళ్ళూ మారొచ్చు. బోరు లారీ వాళ్ళు అడుగుల లెక్కన డబ్బులు తీసుకుంటారు కాబట్టి బిల్లులో లోతు, కేసింగు రెండూ ఉంటాయి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు వాళ్ళెవరైనా పాత బిల్లులు బీరువాలో పడేసి ఉంటే ఫొటో తీసి పంపండి. పేరు, సర్వే నంబరు వేలితో మూసి తీసినా చాలు.