బొడ్డుతాడు కట్టిన చెట్టు

బ్యాంకాక్‌లోని ఫ్రా ఖనోంగ్ ప్రాంతంలో ఉన్న వాట్ మహాబుట్ ఆలయానికి జనం ముఖ్యంగా మే నాక్ కోసం వస్తారు. పురిట్లో బిడ్డతో సహా చనిపోయి, ఆ సంగతి తెలియకుండా యుద్ధం నుంచి తిరిగొచ్చిన భర్తతో కాపురం సాగించిన ఇల్లాలి కథ ఆమెది. ఆమెకు దుస్తులు, బిడ్డకు ఆటబొమ్మలు సమర్పించడం ఆనవాయితీ. అయితే నా దృష్టిని ఎక్కువగా ఆకర్షించింది అదే ఆవరణలోని తఖియన్ మాను. తఖియన్ చెట్టులో ఒక స్త్రీ ఆత్మ నివసిస్తుందని, ఆమెను అడగకుండా గొడ్డలి వేస్తే కీడు తప్పదని థాయ్ ప్రజల నమ్మకం. ప్రభుత్వ లాటరీ ప్రతి నెలా 1, 16 తేదీల్లో తీస్తారు కాబట్టి, ఆ రోజులు దగ్గరపడే కొద్దీ భక్తులు బెరడు మీద పౌడరు రాసి, చేత్తో రుద్ది, గీతల మధ్య అంకెలు కనబడతాయేమోనని కళ్లు చికిలించి చూస్తారు. చెట్టుకు భయపడడం, చెట్టు దగ్గర ఆశపడడం అక్కడ ఒకేసారి జరిగిపోతాయి.

ఇదే నమ్మకాన్ని ఉత్తర థాయ్‌లాండ్ భిక్షువులు మరో పనికి వాడుకున్నారు. 1980ల చివరి నుంచి ఫయావ్, నాన్ వంటి రాష్ట్రాల్లో పెద్ద చెట్ల మొదళ్లకు కాషాయ వస్త్రం చుట్టి, వాటికి సన్యాస దీక్ష ఇచ్చినట్లుగా పూజ జరిపారు. చెట్టు భిక్షువు కాలేదని వారికీ తెలుసు, ఊరివారికీ తెలుసు. అయినా కాషాయం కట్టిన మానుపై రంపం పెట్టడానికి బౌద్ధుడి చెయ్యి రాదు. రాజు భూమిబోల్ సింహాసనమెక్కి 50 ఏళ్లయిన సందర్భంగా 1996లో ఉత్తరాది రైతు సంఘాలు 5 కోట్ల చెట్లకు ఇలా దీక్ష ఇప్పించే కార్యక్రమాన్ని చేపట్టాయి. కొండల మీది పల్లెలు కూడా అందులో పాలుపంచుకున్నాయి. రాజు పేరు మీద జరిగే పుణ్యకార్యాన్ని ఏ అధికారి అడ్డుకోగలడు? అడవిలో ఉండే హక్కు అడగడానికి అంతకంటే తెలివైన దారి నాకు తోచడం లేదు.

చెట్టుతో బంధుత్వం కలుపుకున్న వారు మాత్రం కరెన్‌లే. తమను తాము ప్గాకన్యో అని పిలుచుకునే ఈ కొండప్రజల ఇళ్లలో బిడ్డ పుట్టి బొడ్డు ఊడిన తరువాత, తండ్రి దానిని వెదురు గొట్టంలో పెట్టి, మూత బిగించి, ఊరి పక్క అడవిలో ఏపుగా పెరిగిన ఒక చెట్టుకు కట్టి వస్తాడు. అప్పటి నుంచి ఆ బిడ్డ ప్రాణాల్లో ఒకటి ఆ చెట్టును అంటిపెట్టుకుని ఉంటుందని వారి నమ్మకం. మనిషికి మొత్తం 37 ప్రాణాలనీ, వాటిలో కొన్ని ఒంట్లో ఉంటే మిగిలినవి అడవిలోని జీవుల్లో ఉంటాయనీ వారు చెబుతారు; అవి చెదిరిపోకుండా పిలిచి, మణికట్టుకు నూలు దారం కడతారు. బొడ్డుతాడు కట్టిన చెట్టును ఎవరూ నరకరాదు. ఊరిలో ఎందరు పుడితే అన్ని చెట్లకు రక్ష దొరికినట్లే కాబట్టి, తరాలు గడిచే కొద్దీ ఊరి చుట్టూ గొడ్డలి తగలని తోపు ఒకటి నిలిచిపోతుంది.

ఇదే ప్రజలపై అడవిని తగలబెట్టేవారన్న ముద్ర ఉంది. కారణం వారి పోడు. కరెన్ పోడులో ఒక చెలకను ఒక ఏడాది మాత్రమే సాగుచేసి, ఆపైన 7 నుంచి 10 ఏళ్లు వదిలేస్తారు. చెట్లను మొదలంటా కొట్టరు. మోడు మిగిల్చి, వేళ్లను కదపకుండా ఉంచుతారు. నేల దున్నరు. మగవారు కర్రతో గుంటలు పొడుస్తూ ముందు నడిస్తే, ఆడవారు వెనకాల మెట్టవరి గింజలు విడుస్తారు. మిరప, గుమ్మడి, చేమ అదే చెలకలో కలిసి పెరుగుతాయి. కోత కాగానే మోళ్లు చిగురుస్తాయి. థాయ్ సాంస్కృతిక మంత్రిత్వ శాఖే 2013లో ఈ సాగును జాతీయ వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. కానీ చెలకకు విశ్రాంతినిచ్చిన ఏళ్లలో అటవీ సిబ్బంది వచ్చి చూస్తే, అక్కడ వారికి కనబడేది అడవి. మరుసటి విడత సాగుకు వచ్చిన కుటుంబం ఆక్రమణదారు అవుతుంది.

చట్టం అడవిని ఎలా చూస్తుందో కొంత చెప్పాలి. సియాం (నేటి థాయ్‌లాండ్) రాజ్యంలో అటవీ శాఖ 1896లో ఏర్పడింది. దాని తొలి అధిపతి హెర్బర్ట్ స్లేడ్ అనే బ్రిటిష్ అధికారి. టేకు లెక్క తేల్చడానికి పుట్టిన శాఖ అది. 1941 నాటి అటవీ చట్టం, భూచట్టం ప్రకారం ఎవరూ హక్కు పొందని నేలనంతటినీ అడవి అన్నది. కాగితం లేని కొండపల్లెలన్నీ ఒక్క వాక్యంతో అడవిలో కలిసిపోయాయి. కలప కంపెనీలకు నరికివేత అనుమతులు మాత్రం దశాబ్దాల పాటు కొనసాగాయి; 1988 నవంబరులో దక్షిణాన వరదలతో పాటు దుంగలు ఊళ్ల మీద పడి వందల మంది చనిపోయాక, 1989 జనవరిలో గాని వాటిని రద్దు చేయలేదు.

ఫెత్చబురి రాష్ట్రంలోని కేంగ్ క్రచాన్ జాతీయ వనంలో జరిగింది చదివినప్పుడల్లా నాకు మనసు కుదుటపడదు. 1981లో వనంగా ప్రకటించిన ఆ కొండల్లో కరెన్‌లు అంతకు ఎంతో ముందు నుంచే ఉన్నారు. 1996లో వారిని కింది బాంగ్ క్లోయి అనే ఊరికి తరలించారు. అక్కడి రాతినేలలో వరి పండక కొందరు తిరిగి వెళితే, 2011లో వనాధికారులు వారి ఇళ్లను, ధాన్యపు కొట్లను తగలబెట్టారు. కో-ఇ అనే నూరేళ్లు దాటిన వృద్ధుడూ ఆ నిర్వాసితుల్లో ఒకడు. కోర్టు 2018లో పరిహారం ఇమ్మన్నది గాని, తిరిగి వెళ్లే హక్కును ఒప్పుకోలేదు. ఆ ఏడాదే ఆయన 107వ ఏట కన్నుమూశాడు. ఊరి తరఫున పోరాడుతున్న బిల్లీ అనే యువకుడు 2014 ఏప్రిల్‌లో కనిపించకుండా పోయాడు. అతని ఎముకల ముక్కలు 2019లో వనంలోని జలాశయంలో దొరికాయి. 2021లో యునెస్కో ఆ వనాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

అదే దేశంలో, చియాంగ్ రాయి రాష్ట్రంలో హిన్ లాద్ నయ్ అనే మరో కరెన్ ఊరు ఉంది. కలప కంపెనీ నరికి వదిలిన కొండను ఊరివారు తిరిగి అడవిగా పెంచారు. తేయాకు, తేనె అమ్మి బతుకుతారు. ఊరి పెద్ద ప్రీచా సిరికి 2013లో ఐక్యరాజ్యసమితి అటవీ వేదిక అడవి వీరుడి పురస్కారం ఇచ్చింది. బాంగ్ క్లోయి వారికీ వీరికీ సాగు ఒకటే, ఆచారం ఒకటే.

జాతి సమూహాల జీవన విధానాన్ని కాపాడేందుకంటూ థాయ్ పార్లమెంటు 2025లో ఒక చట్టం చేసింది. దానిపై చర్చలో ఎక్కువ పట్టుదల కనబడింది రెండు చోట్ల: మూలవాసులన్న గుర్తింపు ఇవ్వాలా అన్నది ఒకటి, వారి సాగుభూమి విషయంలో అటవీ చట్టాలను కాస్త సడలించాలా అన్నది రెండవది. వేషభాషలకు, పండుగలకు పార్లమెంటులో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నేల దగ్గరకు వచ్చేసరికే అభ్యంతరాలన్నీ పుట్టుకొచ్చాయి.