వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి

వినాయక చవితి పూజలో షోడశోపచారాలు మొదలయ్యాక మనం స్వామికి ఇస్తున్నామని చెప్పేది ఒకటి, చేతిలో ఉండేది ఇంకొకటి. వస్త్రం అంటాం, పత్తితో చేసిన చిన్న వస్త్రం పెడతాం, అదీ లేకపోతే నాలుగు అక్షతలు వేస్తాం. ఆభరణాలకూ అక్షతలే. ఛత్రం, చామరం, నృత్యం, గీతం అని వరుసగా చదివి చివర్లో 'సమస్త రాజోపచారార్థం అక్షతాన్ సమర్పయామి' అనేస్తాం. అంతెందుకు, అసలు విగ్రహాన్ని పూజించే ముందు విఘ్నాలు రాకుండా పూజించేది కూడా తమలపాకు మీద పెట్టిన పసుపు ముద్దనే. పిల్లలు చూసి 'బట్టలు ఇస్తున్నామని చెప్పి బియ్యం వేస్తే దేవుడికి తెలీదా?' అని అడుగుతారు. మంచి ప్రశ్న, కసిరి కూర్చోబెట్టాల్సింది కాదు.

దీని మీద మన పెద్దలు ఏదో సర్దుబాటు చేసి వదిలేయలేదు. యజ్ఞ విధులను చర్చించే జైమిని మీమాంసా సూత్రాల ఆరో అధ్యాయంలో ప్రతినిధి, అంటే అసలుదానికి బదులు వాడేది, గురించి పెద్ద చర్చే ఉంది. యజ్ఞానికి వడ్లు దొరక్కపోతే యజ్ఞం మానేయకూడదు, వాటికి దగ్గరగా ఉండే నీవారాలు, అంటే అడవి వడ్లు తెచ్చుకోవచ్చు. సోమయాగానికి కావలసిన సోమలత దొరక్కపోతే పూతీకం అనే మొక్క వాడమని వేదమే చెప్పింది. అయితే అసలుది దొరికితే అసలుదే వాడాలి, బద్ధకించి ప్రతినిధితో సరిపెట్టడం కుదరదు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. వడ్లకు బదులు నీవారాలు వేసినా మంత్రంలో 'వ్రీహీణాం' అన్న మాట మారదు, వడ్ల పేరే చెప్పాలి. చేతిలో ఉన్నదాన్ని బట్టి మాట దిగిపోకూడదన్నమాట. అందుకే మనం కూడా వట్టి అక్షతలు అనం, 'వస్త్రార్థం' అని వస్త్రం పేరు తలుచుకునే వేస్తాం. బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపుతామే, అలా అక్షతలు వస్త్రం చోటును వస్త్రానికే ఆపి ఉంచుతాయి, ఆ చోటు తమదని అనవు.

'వస్త్రార్థం'లో ఉన్న ఇదే 'అర్థం' (అంటే 'కోసం') అన్న మాట వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో అశ్వమేధం దగ్గర వస్తుంది.

న సీతాయాః పరాం భార్యాం వవ్రే స రఘునందనః
యజ్ఞే యజ్ఞే చ పత్న్యర్థం జానకీ కాంచనీ భవత్

సీత తప్ప మరో భార్యను రాముడు వరించలేదు, ప్రతి యజ్ఞంలోనూ భార్య స్థానంలో బంగారు జానకే ఉంది. యజ్ఞానికి భార్య కావాలి కాబట్టి ఇంకో పెళ్లి చేసుకుని ఉంటే అవసరం తీరిపోయేది, కానీ సీత చోటు కూడా పోయేది. ఆ చోట్లోకి ఇంకెవరూ రాకుండా ఆపినది ఆ బంగారు ప్రతిమ. నందిగ్రామంలో పాదుకలు చేసిందీ అదే పని. పధ్నాలుగేళ్లు భరతుడు ప్రతి విషయం ముందు ఆ పాదుకలకు నివేదించి రాజ్యం నడిపాడు, తను మాత్రం సింహాసనం ఎక్కలేదు. అన్నగారు ఇక రాడని అనుకునేవాడికి పాదుకలతో పనేముంటుంది చెప్పండి?

అయితే దేనికి పడితే దానికి ప్రతినిధి లేదు. దేవతకు లేదు, మంత్రానికి లేదు, ముఖ్యంగా యజమానికి, అంటే యజ్ఞం ఎవరి పేరున జరుగుతోందో ఆ మనిషికి, లేదు అని ఆ సూత్రాల్లోనే ఖచ్చితంగా చెప్పారు. (మరి భార్య కూడా యజ్ఞంలో యజమానితో సమానమే కదా, ఆమెకు ప్రతిమ ఎలా కుదిరిందన్నది నాకు ఇప్పటికీ చిక్కుగానే ఉంది, తెలిసిన పెద్దలెవరైనా చెబితే వింటాను.) ఋత్విక్కులు, అంటే యజ్ఞం చేయించే పురోహితులు, ఎంతమందైనా ఉండొచ్చు, క్రియంతా వాళ్లే చేయొచ్చు, కానీ సంకల్పం చెప్పుకుని, ఇచ్చేదాన్ని 'న మమ' (ఇది నాది కాదు) అని వదులుకోవాల్సింది యజమానే.

ఇప్పుడు చాలా ఇళ్లల్లో పురోహితుడు దొరకడం కష్టమై ఫోన్‌లో పూజా విధానం పెట్టుకుని చేసుకుంటున్నారు, అమెరికాలో ఉన్న మనవాళ్లయితే మరీను. అందులో తప్పేమీ లేదు, మంత్రం వినిపిస్తోంది, చెయ్యి మనది. మారేడు పత్రి దొరకలేదా, దొరికిన పత్రి వేయండి, ఏదీ లేకపోతే అక్షతలు వేయండి, టెన్షన్ పడొద్దు. ఇంట్లో కొత్త కండువా ఉంటే మాత్రం అక్షతలతో సరిపెట్టకుండా ఆ కండువానే సమర్పించండి. కానీ సంకల్పం దగ్గర 'మమ' (నా) అని వినపడగానే వీడియో ఆపండి. వంటింట్లో ఉన్నవాళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టండి, మీ గోత్రం, మీ పేరు, పిల్లల పేర్లు మీ నోటితో చెప్పుకోండి, తర్వాతే మళ్లీ ప్లే చేయండి.