కుర్చీలోంచి లేవడం

మొదటి చుట్టు 42 నిమిషాల్లో ముగించుకొచ్చి కుర్చీలో కూలబడ్డాను. ఇంకా 18 నిమిషాలుంది కదా, హాయిగా సేదతీరవచ్చనుకున్నాను. పది నిమిషాలు గడిచేసరికి ఒంటి మీది చెమట చల్లబడి వణుకు పట్టుకుంది. పిక్కలు బిగుసుకున్నాయి. రెండో చుట్టుకి లేవడమే కష్టమైంది.

బ్యాక్‌యార్డ్ అల్ట్రాలో పరిగెత్తడం నాకు అదే మొదటిసారి. చుట్టు 6.7 కిలోమీటర్లు, దానికి గంట టైమ్. ఎంత ముందొచ్చినా తర్వాతి చుట్టు మళ్లీ గంట కొట్టాకే. బెల్ మోగేటప్పటికి గీత దగ్గర లేకపోయినా, గంటలోపు తిరిగి రాకపోయినా పోటీ అయిపోయినట్టే. చివరికి ఒక్కరు మిగిలేదాకా ఇదే తంతు. దూరం అలా ఎందుకు పెట్టారంటే, 24 చుట్లు తిరిగితే సరిగ్గా వంద మైళ్లు. అమెరికాలో, టెనెసీలోని తన ఇంటి దగ్గర గ్యారీ కాంట్రెల్ మొదలుపెట్టిన పోటీ ఇది. అక్కడి పోటీకి ‘బిగ్స్ బ్యాక్‌యార్డ్ అల్ట్రా’ అని తన కుక్క ‘బిగ్’ పేరే పెట్టాడు. 2023లో అక్కడ హార్వీ లూయిస్ 108 చుట్లు తిరిగాడు. నాలుగున్నర రోజులు! చదివినప్పుడు అదంతా కాళ్ల సత్తువ అనుకున్నాను.

రెండో చుట్టులో ఒకావిడ కలిశారు. యాభై దాటి ఉంటాయి. చిన్న ఎత్తు వచ్చినా చాలు, పరుగు ఆపి నడిచేస్తున్నారు. నేను దాటి వెళ్లబోతుంటే, “ఎక్కడికి బాబూ అంత తొందర? ముందెళ్లి చలి కాచుకుంటావా?” అన్నారు. కిలోమీటరుకి ఎనిమిదిన్నర నిమిషాలు పట్టినా గంటకి అందుకోవచ్చని నాకూ తెలుసు. తెలిసి కూడా పరిగెత్తాను. అక్కణ్నుంచి ఆవిడ పక్కనే నడిచాను. మేం వచ్చేసరికి 52 నిమిషాలైంది. ఎనిమిది నిమిషాల్లో నీళ్లు తాగడం, రెండు ముద్దలు తినడం, సాక్సు సర్దుకోవడం. చల్లబడే తీరికే దొరకలేదు.

మధ్యాహ్నం దాకా చుట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఏడోది పూర్తయినప్పుడు మారథాన్ దూరం దాటేశానని గుర్తొచ్చి ఒళ్లు పులకరించింది. అంత దూరం ఎప్పుడూ వెళ్లలేదు.

పదో చుట్టు తర్వాత కుడికాలి బూటు విప్పి చూస్తే చిటికెన వేలి పక్కన ఉసిరికాయంత బొబ్బ. టేపు చుట్టి బూటు మళ్లీ తొడుగుతుంటే లేసు ముడి వేళ్లకి అందడం లేదు. అంతలోనే మొదటి విజిల్లు: మూడు. అంటే బెల్‌కి మూడు నిమిషాలు. తర్వాత రెండు, ఆపైన ఒకటి. రోజంతా భయపెట్టింది ఆ విజిల్లే. దారిలో ఉన్నంతసేపూ కాళ్లు వాటి పని అవి చేసుకుపోతాయి. కుర్చీలో కూర్చున్నప్పుడే అన్నీ అడుగుతాయి: ఎందుకు, ఇంకెంత, ఇక చాలదా అని. ఆవిడ మాత్రం ప్రతిసారీ మోకాళ్ల మీద చేతులు ఆనించి, “ఒక్కటే” అని లేచేవారు.

పదమూడో చుట్టు చీకట్లో, హెడ్‌ల్యాంప్ వెలుతురులో తిరిగాను. 55వ నిమిషంలో వచ్చి కూర్చున్నాను. మూడు విజిల్లు వినిపించాయి. రెండు. ఒకటి. నొప్పి ఉంది, కానీ నిలబడలేనంత కాదు. అయినా లేవలేదు. బెల్ మోగింది, దీపాలన్నీ కదిలి చెట్ల మలుపు దాకా వెళ్లి కనుమరుగయ్యాయి. ఏడుపొచ్చింది.

గెలిచిన ఒక్కరికి తప్ప మిగతా అందరి పేర్ల పక్కనా ‘డీఎన్ఎఫ్’ అనే రాస్తారు, పూర్తి చేయలేదని. 87 కిలోమీటర్లు తిరిగిన మనిషి పక్కనా అదే, రెండు చుట్లకే ఆగిన మనిషి పక్కనా అదే. చుట్ల లెక్క కూడా వేస్తారు, నిజమే. కానీ ఆ మూడక్షరాలు నాకిప్పటికీ మింగుడుపడవు.

దారి మధ్యలో ఎవరూ సాయం చేయకూడదు గానీ, కుర్చీ దగ్గర చేయొచ్చు. ఆవిడ ఒంటరిగా వచ్చారు. అందుకే వెళ్లిపోకుండా అక్కడే ఉండిపోయాను. గంటగంటకీ సీసా నింపడం, దుప్పటి కప్పడం, విజిల్ వినగానే తట్టి లేపడం. తెల్లవారుజామున నాలుగింటి బెల్‌కి ముందు కళ్లు మూసుకునే ఉన్నారు. పెదాలు ఎండిపోయాయి.

“ఇంకోటి వెళ్తారా అండీ?” అన్నాను.

మోకాళ్ల మీద చేతులు ఆనించారు. “ఒక్కటే.”